బ్రెడ్డు పట్టుకెళ్లారు, ఇల్లు ఖాళీ చేయమన్నారు

కోచింగ్ కాలేజీ హాస్టల్లో ఉండే మా అమ్మాయికి ఇవాళ ఔటింగ్. ఈమధ్య మార్కులు తగ్గాయని, ఫోన్ చేసినప్పుడల్లా ఏడుస్తోంది. అందుకే పొద్దున్నే పిండి కలిపి, దానికిష్టమైన బ్రెడ్డు ఇంట్లోనే చేశాను. ఉల్లిపాయలు, టమాటాలు మగ్గించి, వాటి మీద గుడ్లు కొట్టి పోసి మూత పెట్టాను. ఇంటికొచ్చి స్టవ్ పక్కన నిలబడ్డ మా అమ్మాయి ఎన్నాళ్లకో నవ్వింది.

అంతలో బెల్లు మోగింది. పై వాటాలో ఉండే ఓనరుగారి భార్య.

"ఏం చేస్తున్నారండీ, పైదాకా ఘుమఘుమలొస్తున్నాయి!" అంటూ వంటింట్లోకే వచ్చేశారు. బ్రెడ్డు చూసి మురిసిపోతుంటే సగం కోసి చేతిలో పెట్టాను. ఆవిడే చనువుగా మూకుడు మీద మూత తీశారు.

"గుడ్లా! మీరు తినరనుకునే ఇల్లిచ్చామండీ."

"దిగేటప్పుడు మీరు అడగలేదు కదండీ."

"మిమ్మల్ని చూస్తే అడగాలనిపించలేదు. నెలాఖరుకి వేరే ఇల్లు చూసుకోండి."

గుమ్మం దగ్గర ఆగారు. మనసు మార్చుకున్నారేమో అనుకున్నాను.

"ఈ బ్రెడ్డులో గుడ్డు వేయలేదు కదండీ?"

లేదన్నాను. పట్టుకుని మెట్లెక్కేశారు.

"నా వల్లే కదమ్మా ఇదంతా," అంది మా అమ్మాయి. ప్లేటు ముట్టుకోలేదు. ఎంత బతిమాలినా రెండు ముక్కలకి మించి తినలేదు. సాయంత్రం హాస్టల్లో దింపేటప్పుడు కూడా ఇంటి గురించే అడిగింది. చదువు దిగులు చాలదన్నట్టు ఇదొకటి.

పటమట వైపు గుడ్లు వండుకోనిచ్చే ఇల్లేదైనా ఉంటే చెప్పండి. ఈసారి అద్దె కంటే ముందు గుడ్డు సంగతే మాట్లాడుకుంటాను.