గెలవకూడదని మొక్కుకున్న పందెం

ఆ రోజుల్లో కువైట్‌లో నాకు రెండు భయాలుండేవి. ఒకటి మా కఫీల్ (వీసా ఇచ్చి తెప్పించుకున్న యజమాని), రెండోది నేను మెకానికల్ ఇంజినీరునన్న సంగతి. నిజం చెప్పాలంటే రెండోదే పెద్ద భయం. బెజవాడ కాలేజీలో ఇంజను బొమ్మలు అందంగా గీసి పాసయ్యానే తప్ప, నిజం ఇంజనులో వేలు పెట్టిన పాపాన పోలేదు. దజీజ్‌లో మా కఫీల్‌కి బండ్ల విడిభాగాల గోడౌన్ ఉండేది, దానికి ఆనుకుని చిన్న షెడ్డు. నా పని వచ్చిన సామాను సరిచూసుకోవడం. అయినా అక్కడ అందరూ నన్ను 'మొహందిస్' అనే పిలిచేవారు, అంటే ఇంజినీరు. ఆ పిలుపు వినబడగానే నేను ఏదో ఒక పెట్టె వెనక్కి తప్పుకునేవాణ్ణి (వినయం అనుకునేరు, కాదు).

కఫీల్‌ని మేం పెద్దాయన అనుకునేవాళ్ళం. ఎడారిలో ఆయనకు గొర్రెలుండేవి. వాటికి గడ్డీ నీళ్ళూ మోయడానికి ఒక పాత పికప్. ఇంట్లో ఎన్ని ఖరీదైన కార్లున్నా ఆయన మనసు దానిమీదే. కొడుకుని చిన్నాయన అనేవాళ్ళం, అతనికి ఆ డొక్కు బండి ఇంటిముందు ఉండటం నామోషీ. ఒకరోజు తండ్రి ముందే నన్ను పిలిచి, ఇంజను సంగతి చెప్పమన్నాడు. పెద్దాయన బానెట్ మీద చెయ్యి వేసి, నా మొహంలోకి చూసి, "మొహందిస్, ఖర్బానా?" అని అడిగాడు. చెడిపోయిందా అని. నేను ఇంజను వంక చూడలేదు, చిన్నాయన కళ్ళ వంక చూశాను. "ఖర్బాన్" అన్నాను. పెద్దాయన చెయ్యి మాత్రం బానెట్ మీంచి తియ్యలేదు.

చిన్నాయన దగ్గర అదే మోడల్ పికప్ ఇంకొకటి ఉండేది, ఇసుకలో పందేలు తోలడానికి. ఆ పందేలకి ఒక చిత్రమైన నిబంధన. డబ్బున్న కుర్రాళ్ళు ఇంజన్లకు బస్తాలకొద్దీ డబ్బు పోస్తుంటే మామూలువాళ్ళు పోటీకే రావడం మానేశారట. అందుకని నిర్వాహకులు ఇంజను కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉండాలన్నారు. దానిమీద ఇంకో మెలిక కూడా పెట్టారు. పందెం అయ్యాక, ఓడినవాళ్ళలో ఎవరైనా ముందే ఖాయం చేసిన కొద్దిపాటి ధర బల్లమీద పెడితే, గెలిచినవాడి ఇంజను వాళ్ళకి ఇచ్చెయ్యాలి. ఇవ్వనంటే గెలుపు రద్దు. ఎవడి సొమ్ము వాడికి తీపి కాబట్టి, రేపు ఎవడో పట్టుకుపోయే ఇంజనుకి ఎవడు మాత్రం బంగారు తాపడం చేయిస్తాడు?

ఆ వారం పెద్దాయన ఉమ్రా యాత్రకి మక్కా వెళ్ళాడు, శనివారం గాని రాడన్నారు. పందెం శుక్రవారం. గురువారం పొద్దున చిన్నాయన బండి ఇంజను పట్టేసింది. మా షెడ్డులో మెకానిక్కు కడపాయన, అందరూ చిచ్చా అనేవారు. ఆయన నాలుగువైపులా తిప్పి చూసి, "ఇంగ దీంట్లో ఏమీ ల్యా" అని చేతులు తుడుచుకున్నాడు. చిన్నాయన నావైపు తిరిగి, "మొహందిస్, రేపటికి బండి కదలాలి. కదలకపోతే నువ్వు కదులుతావు, మీ ఊరికి" అన్నాడు. ఇంటి దగ్గర అక్క పెళ్ళికి చేసిన అప్పులు కళ్ళముందు తిరిగాయి. ఆ కంగారులో నాకు మా అమ్మ పెళ్ళిళ్ళకి అరువు తెచ్చుకునే నగ గుర్తొచ్చింది. మా వీధిలో ఎవరింట పెళ్ళయినా ఒకే చంద్రహారం వెళ్ళేది. పక్కింటి పిన్నిది. ఈవిడ మెడలోంచి ఆవిడ మెడలోకి, పెళ్ళవగానే మళ్ళీ పిన్ని బీరువాలోకి. ఎవరికీ తప్పనిపించేది కాదు. అదే పద్ధతిలో, "చిచ్చా, పెద్దాయన బండి ఇంజను తీసి దీనికి పెడదాం. పందెం అవగానే మళ్ళీ దాన్లో పెట్టేద్దాం" అన్నాను. చిన్నాయన నన్ను కౌగలించుకున్నాడు. ఇంజినీరుగా నా జీవితంలో అదే మొదటి సలహా.

చీకటి పడకముందే చిచ్చా ఇంజను ఎక్కించేశాడు (నేను టార్చిలైటు పట్టుకున్నాను, అదీ వెలుతురున్న వైపే). ఇంజను పక్కల్లో ఎండుగడ్డి, గొర్రె బొచ్చు. మర్నాడు మైదానంలో బండ్లన్నీ వరసలో నిలబడ్డాక చిచ్చా నా చొక్కా పట్టుకుని లాగాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమబ్బీ, ఒగవేళ గెలిస్తే?"

"గెలిస్తే మంచిదేగా చిచ్చా!"

"ఏం మంచిదప్పా! గెలిస్తే ఇంజను ఎవడో ఒగడు ఎత్తకపోతాడు గదా! రేపు పెద్దాయనొచ్చి బానెట్ ఎత్తితే లోపల ఏముంటాది, నీ తలకాయా?"

నిబంధన నాకు కంఠతా వచ్చు. కానీ మనం గెలుస్తామన్న ఆలోచనే రాలేదు. చంద్రహారం పెట్టుకెళ్ళిన పెళ్ళిలో గెలిచినవాడి మెడలోది ఊడబీక్కునే ఆచారం ఉండదు కదా మరి! ఇద్దరం ఇసుకలో గొంతుక్కూర్చున్నాం. చిచ్చా దువా చేస్తున్నాడు, నేను కనకదుర్గమ్మకి మొక్కుతున్నాను. ఆ మైదానంలో సొంత బండి ఓడిపోవాలని దేవుణ్ణి వేడుకున్నది మేమిద్దరమే.

దేవుళ్ళిద్దరూ వినలేదు. ముందు దూసుకెళ్ళిన బండి ఇసుకలో కూరుకుపోయింది. రెండోది పొగలు కక్కి ఆగింది. మూడోది మలుపులో బోల్తా కొట్టినంత పని చేసి వెనకబడింది. మాది మాత్రం, గొర్రెలకు ఆకలేస్తోందన్న తొందరలో ఉన్నట్టు, ఒకటే గొంతుతో లాక్కుంటూ వచ్చి గీత దాటేసింది. చిన్నాయన బండి పైకెక్కి గంతులేస్తున్నాడు. రెండో స్థానంలో వచ్చిన కుర్రాడు కవరు తీసి బల్లమీద పెట్టాడు. ఇంజను కావాలన్నాడు. చిన్నాయన గంతులు ఆగిపోయాయి. ఇస్తే తండ్రికి సమాధానం చెప్పాలి, ఇవ్వకపోతే కప్పు పోతుంది. నాకైతే రెండింటిలోనూ విమానం టిక్కెట్టే కనిపించింది.

అప్పుడు జనంలోంచి ఒక ముసలి గొంతు వినిపించింది. "హాదా సౌత్ మకీనతి." ఇది నా ఇంజను గొంతు అని. పెద్దాయన! ఒకరోజు ముందే వచ్చేశాడు. కొడుకు పందెం చూద్దామని నేరుగా మైదానానికే వచ్చాడు. బండి కంటబడకముందే చప్పుడు గుర్తుపట్టాడట. బానెట్ ఎత్తించి, గొర్రె బొచ్చు వేళ్ళతో తీసి కొడుక్కి చూపించాడు. ఇదెవరి పని అన్నాడు. చిన్నాయన క్షణం కూడా ఆలోచించకుండా నావైపు వేలు చూపించాడు. చిచ్చా నా వెనక్కి జరిగాడు. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా ఖలాస్, ఉద్యోగం ఖలాస్, నేను ఖలాస్ అనుకున్నాను.

పెద్దాయన నన్ను బండి దగ్గరికి పిలిచి, మళ్ళీ బానెట్ మీద చెయ్యి వేశాడు. "మొహందిస్, ఖర్బానా?" అన్నాడు.

అడ్డంగా తల ఊపాను, ఎంత గట్టిగా అంటే కళ్ళజోడు ఊడి ఇసుకలో పడింది. పెద్దాయన నవ్వాడు, పళ్ళన్నీ కనబడేలా. కొడుకువైపు తిరిగి, "చూశావా?" అన్నాడు. ఆ కవరు తీసి కుర్రాడి జేబులో పెట్టి, ఇంజను ఇచ్చేది లేదన్నాడు. గెలుపు రద్దయింది, కప్పు వేరేవాళ్ళు పట్టుకుపోయారు. చిన్నాయన నాతో చాలాకాలం మాట్లాడలేదు. పెద్దాయన మాత్రం చేతుల్లో పట్టనంత పెద్ద కప్పు గెలిచినవాడిలా నడిచి, "యల్లా, పదండి, గొర్రెలు ఎదురుచూస్తుంటాయి, బిగించండి" అన్నాడు. ఆ సాయంత్రం ఇంజను బిగించడానికి మొదటిసారి నేనూ చెయ్యి పెట్టాను. వేళ్ళు చితికాయి. హాయిగా అనిపించింది.

ఇప్పుడు పెద్దాయన లేడు. నేనింకా ఇక్కడే కువైట్‌లో, ఫర్వానియాలో ఉన్నాను. జుట్టు పలచబడింది, పొట్ట ముందుకొచ్చింది. నా కారుకి కూడా వయసైపోయింది. మొన్న మా అబ్బాయి స్నేహితుల ముందు దాన్ని చూసి మొహం చిట్లించి, "నాన్నా, ఇది ఖర్బాన్, అమ్మేద్దాం" అన్నాడు. ఇంజను స్టార్ట్ చేసి, బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. కాసేపటికి చూసుకుంటే, చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.