మోకాలి ఎత్తు పెంగ్విన్లు

నా చిన్నప్పుడు నేను ఎవరి మాటా ఓ పట్టాన నమ్మేదాన్ని కాదు. పాలలో నీళ్లు కలపలేదని అమ్మ చెప్పినా, గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసేదాన్ని.

అవి తొంభైలు. ఖతార్‌లోని దోహాలో, అల్ ముంతజా పేటలో ఒక పాత భవనంలో ఉండేవాళ్లం. నాన్నది ఆఫీసు ఉద్యోగం. మా పై వాటాలో కాకినాడ వైపు నుంచి వచ్చిన ఒకాయన ఒంటరిగా ఉండేవారు. ఒక కంపెనీ క్యాంప్‌లో వంట చూసుకునేవారు. అంతకుముందు చాలా ఏళ్లు సరుకు ఓడల్లో వంటవాడిగా తిరిగారట. పిల్లలందరం ఆయన్ని మామయ్య అనేవాళ్లం. నా అనుమానమంతా ఆ 'అట' మీదే. ఓడలో అన్నేళ్లు తిరిగిన మనిషి దాన్ని వదిలి ఎందుకొచ్చాడని పెద్దవాళ్లు గుసగుసలాడుకోవడం నేను విన్నాను.

శుక్రవారం సెలవు కాబట్టి ప్రార్థన కూటం ఆ రోజే మా ఇంట్లో జరిగేది. గోదావరి, కృష్ణా జిల్లాల కుటుంబాలు ఐదారు వచ్చేవి. భోజనాల దగ్గర మామయ్య ఓడ కబుర్లు చెప్పేవారు. ఒక శుక్రవారం ఆఫ్రికా దక్షిణపు కొసన తాను చూసిన ఒక ఊరి గురించి చెప్పారు. అక్కడి సముద్రపు ఒడ్డున మోకాలి ఎత్తు పెంగ్విన్లు ఉంటాయట. ఇసుకలో, పొదల కింద గుంతలు తవ్వుకుని గుడ్లు పెడతాయట. ఎండలో జనం స్నానాలు చేస్తుంటే పక్కనుంచే నడిచిపోతాయట. గాడిదల్లా ఓండ్ర కూడా పెడతాయట.

నా సైన్సు పుస్తకంలో పెంగ్విన్ మంచుగడ్డ మీద నిలబడి ఉంది. "అబద్ధం," అన్నాను అందరి ముందూ. "పెంగ్విన్లు మంచులోనే ఉంటాయి."

అందరూ నవ్వారు. కూటంలో పెద్దాయన ఒకరు చెయ్యి తుడుచుకుంటూ, "ఓడ కూడా ఇలాంటిదేనేమోలెండి," అన్నారు. ఈసారి నవ్వు ఇంకా పెద్దదైంది. మామయ్య కూడా నవ్వారు గానీ, కంచంలో అన్నం అలాగే వదిలేసి పైకి వెళ్లిపోయారు. తర్వాతి రెండు శుక్రవారాలూ డ్యూటీ ఉందని కబురు పంపారు. ఆ రెండు రోజులూ ఆయన గది కిటికీలో లైటు వెలుగుతూనే ఉంది.

నాన్న నన్ను క్షమాపణ అడగమన్నారు. నిజం చెప్పినందుకు క్షమాపణ ఏమిటని నేను మొండికేశాను.

చలి మొదలైన రోజుల్లో ఒకరోజు పొద్దున్నే మామయ్య మా తలుపు తట్టారు. "పాపకి ఒకటి చూపించాలండి. మీరూ రండి," అని నాన్నతో అన్నారు. ఏదో మోసం ఉందని నాకు అప్పుడే అనిపించింది. కింద కంపెనీ పికప్ ఆగి ఉంది. డ్రైవరన్న నిజామాబాద్ వైపు మనిషి. మనం ఎక్కడికి, ఏం చూడటానికి వెళ్తున్నామని అతన్ని అడిగాను.

"నాకెరుక లేదు బిడ్డా. నడుపుమన్నరు, నడుపుతున్న," అన్నాడు.

ఇతన్నీ ముందే కలుపుకున్నారనుకున్నాను. దారిలో మామయ్య సంచిలోకి తొంగి చూశాను, బొమ్మ పెంగ్విన్ ఏమైనా దాచారేమోనని. టీ ఫ్లాస్కు, రొట్టె తప్ప ఏమీ లేవు. ఉమ్ సలాల్ దాటి చాలా దూరం ఉత్తరానికి పోయాక, రోడ్డు వదిలి సముద్రం ఒడ్డున ఆగాం.

నీళ్లు వెనక్కి పోయి ఉన్నాయి. దూరాన ఒక రాతి తిప్ప మీద, వరసగా, నిటారుగా నిలబడి కనిపించాయి. వీపులు నల్లగా, పొట్టలు తెల్లగా.

"నాన్నా, పెంగ్విన్లు."

"సరిగ్గా చూశావా అమ్మా?" అన్నారు మామయ్య.

"చూశాను. ఎలా నిలబడ్డాయో చూడండి."

"అందరికీ చెబుతావా?"

"చెబుతాను."

ఆయన అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఫ్లాస్కు మూత తిప్పి టీ పోశారు. "ఈ టీ అయ్యేదాకా చూడు."

సగం టీ తాగానో లేదో, వాటిలో ఒకటి రెక్కలు విప్పి, తడిబట్ట ఆరేసినట్టు చాపింది. పొడవాటి రెక్కలు. కాసేపటికి వరసంతా లేచి, నీళ్ల మీద తక్కువ ఎత్తులో ఎగిరిపోయింది.

"నీటికాకులమ్మా. పిల్లవాటికి పొట్ట తెల్లగా ఉంటుంది," అన్నారు మామయ్య.

నా చెవులు వేడెక్కాయి. పది నిమిషాల ముందే అక్కణ్ణించి తిరిగి బయల్దేరి ఉంటే, దోహాలో పెంగ్విన్లున్నాయని ఊరంతా చెప్పేదాన్ని. ఒట్టు పెట్టి మరీ చెప్పేదాన్ని. నా అనుమానం మొదటిసారి నా మీదికే తిరిగింది.

అప్పుడు మామయ్య జేబులోంచి ఒక ఫోటో తీశారు. ఇసుకలో పడుచు మామయ్య, మోకాళ్ల చుట్టూ నాలుగైదు చిన్న పెంగ్విన్లు, వెనక పొదలు, ఎవరిదో ఇంటి కంచె. బొటనవేలితో రుద్ది చూశాను. వెనక్కి తిప్పి చూశాను.

"ఇది జూలో తీసిందేమో," అన్నాను.

నాన్న నన్ను కసురుకోబోతే మామయ్య వద్దన్నారు. "అడగనివ్వండి." నా వైపు తిరిగి మెల్లగా చెప్పారు. "నమ్మకపోతే నాకేం బాధ లేదమ్మా. 'నేను చూడలేదు' అను, ఎన్నిసార్లయినా అను. 'అబద్ధం' అన్నావంటే మాత్రం, ఇక నేనేం చెప్పినా ఎవరూ వినరు. ఆ ఓడల్లో పద్నాలుగేళ్లు వండాను. మా అమ్మకి జబ్బు చేస్తే దిగిపోయాను. అది కూడా ఇప్పుడు అబద్ధమే అయిపోయింది."

తిరిగొచ్చేటప్పుడు దారంతా ఆ ఫోటోనే చూస్తూ కూర్చున్నాను.

ఆ వారం కూటానికి నాన్న ఆయన్ని బలవంతాన తీసుకొచ్చి కూర్చోబెట్టారు. భోజనాల ముందు నేను లేచి నిలబడ్డాను. "మామయ్య అబద్ధం చెప్పారని అన్నాను. నేను చూడకుండానే అన్నాను. తప్పు నాది." ఆ రోజు ఓడ మాట అన్న పెద్దాయన లేచి వెళ్లి మామయ్య కంచంలో తానే కూర వడ్డించారు. "ఆ పక్షులు ఏం తింటాయండీ?" అని అడిగారు. మామయ్య చెప్పడం మొదలుపెట్టారు.

ఇప్పుడు నా జుట్టు నెరుస్తోంది. ఈనాటికీ నేను త్వరగా నమ్మే మనిషిని కాదు. అయినా 'అబద్ధం' అన్న మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగుతుంది. దాని బదులు 'నేను చూడలేదు' అంటాను. ఆ మోకాలి ఎత్తు పెంగ్విన్లను నిజంగానే ఇంతవరకూ నేను చూడలేదు. కానీ పిల్లలెవరైనా అడిగితే, ఉన్నాయనే చెబుతాను. నాకు ఎవరు చెప్పారో కూడా చెబుతాను.