దేవుని మూల కొలత

కిందటి వారం మా ఆఫీసులో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ ఎక్కించారు. ఆఫీసంటే ఏమీ లేదు, ఫోరస్ రోడ్డులో టైలరు కొట్టు పైన రెండు బల్లలు, రెండు కంప్యూటర్లు. ఒకటి ఆఫీసు నడిపే మేడంది, ఒకటి నాది. కొత్త కోడలు వంటిల్లు సర్దినట్టు, ఇన్నేళ్లుగా చెయ్యి అలవాటు పడ్డ గుర్తులన్నీ చోట్లు మారిపోయాయి. గీత చెరపబోతే గోడ రెండింతలైంది. రోజంతా విసుక్కుంటూనే ఉన్నాను. అరవై దాటి, ఇంట్లో మాట్లాడే మనిషి లేనివాడికి విసుక్కోవడం కూడా ఒక కాలక్షేపమే.

అందులో నేను తెరిచిన మొదటి పాత ఫైలు కామాటిపురలో నేనుండే వరసగదుల పాత మేడ, మా చాల్‌ది. దాన్ని కూల్చి కొత్తగా కట్టబోతున్నారు. మా అంతస్తులో ఎనిమిది గదులు, ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఏడు కుటుంబాలు అప్పుడే తాళాలు వేసి అద్దె ఇళ్లకు వెళ్లిపోయాయి, నేనొక్కణ్నే మిగిలాను. ప్లాన్‌లో గది ఎంత ఉంటే కొత్త ఇల్లు అంత వస్తుంది. ఫైలు తెరవగానే ప్రతి గదిలోనూ ఒక మూల ఎర్రటి సున్నా కనిపించింది. గీత మూసుకోలేదు కాబట్టి వైశాల్యం చెప్పలేనంటోంది కొత్త వెర్షన్. పాతది అంత పట్టింపు మనిషి కాదు, మనం ఏ అంకె టైపు చేస్తే దాన్నే నమ్మేది.

ఆ మూలలు తెరిచి ఉంచింది మా చిన్నాయన. ఆయన మేస్త్రీ, నన్ను పెంచింది ఆయనే, ఆ గదిలోనే. ఒకప్పుడు చాల్‌కు మరమ్మతులు చేయడానికి ప్లాన్ కావలసివస్తే ఇద్దరం కలిసి కొలిచాం. టేపు కొస ఆయన చేతిలో, డబ్బా నా చేతిలో. నేను అంకె చదవాలి, ఆయన దాన్ని మళ్లీ పలకాలి, అప్పుడే నేను కాగితం మీద పెట్టాలి. ఒక్క నోట పలికిన అంకె గోడకు అచ్చిరాదని ఆయన నమ్మకం. ఆ పద్ధతి మీద నాకు నవ్వొచ్చేది, కానీ ఆయన కొలతలో తప్పు దొరికిన రోజు లేదు. అంత పట్టింపు మనిషీ పోచమ్మ పటం ఉన్న మూల దగ్గరికి వచ్చేసరికి టేపు వదిలేశాడు. ప్రతి ఇంట్లోనూ అంతే.

"దేవుని జాగకు లెక్క గట్టెటోళ్లమా బిడ్డా? ఇడిసిపెట్టు," అన్నాడు.

విడిచిపెట్టాను. మరమ్మతులకు ఆ మూలతో పని పడలేదు, ప్లాన్ అలాగే ఉండిపోయింది.

మా మేడం కూడా ఇక్కడి తెలుగింటి పిల్లే. తిట్టాలంటే మరాఠీలోనూ బతిమాలాలంటే తెలుగులోనూ మాట్లాడుతుంది. మర్నాడే ప్లాన్ ఇవ్వాలి. ఆమె నా తెర చూసి, "ఈ కొసకెంచి ఆ కొసకు సీదా లైన్ కొట్టుండ్రి కాకా, ఎవరు చూస్తరు?" అంది. అడ్డంగా గీత గీస్తే ఎనిమిది ఇళ్లకూ ఆ మూల తెగిపోతుంది. పోనీ, ఎదుటి గోడ చూసి ఊహిద్దామంటే పాత చాల్ గోడలు ఒక్కటీ మూలమట్టానికి నిలవవు. ఎనిమిది గదులదీ వంకర కూడా ఒకే అచ్చు కాబట్టి ఒక్కటి కొలిస్తే చాలు; నా గది తాళం ఇంకా నా దగ్గరే ఉంది, కొలుచుకొస్తానన్నాను.

సాయంత్రం పోచమ్మకు దీపం పెట్టి, కాలం చేసిన చిన్నాయనకు క్షమాపణ చెప్పుకుని, పటం తీసి మంచం మీద పెట్టాను. టేపు కొస మూలకు ఆనించి వెనక్కి జరిగితే సర్రున నా చేతిలోకే వచ్చింది. మూడుసార్లు అదే తంతు. పక్క గదిలో ఎవరున్నా కేకేసేవాణ్ని. గదుల ముందు గ్యాలరీ పొడుగునా తాళాలే. ఇంత చిన్న పనికి ఇంకొక మనిషి చెయ్యి కావాలని, ఆ మనిషి నాకు లేడని, అప్పుడు గట్టిగా తెలిసింది. చివరికి చిన్నాయన గోడ నిలువు చూసుకునే తూకపు గుండు వెతికి టేపు కొస మీద బరువుగా పెట్టాను. అది కదలలేదు.

"అడుగున్నర మీద రెండించులు," అన్నాను పైకే.

పెన్సిలు పట్టుకుని ఆగాను. ఎందుకు ఆగానో తెలియడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత ఆ అంకెను నేనే మళ్లీ పలికి, కాగితం మీద వేసుకున్నాను. రెండో గోడకూ అంతే, రెండుసార్లూ నా గొంతే.

పొద్దున ఆఫీసులో గీతలు కలిపాను. ఎర్ర సున్నాలు ఒక్కొక్కటే మాయమై, ఎనిమిది గదులకూ వైశాల్యం వచ్చింది. మేడం టీ తెప్పించింది. భద్రం చేయబోతుంటే తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: ఇక ఈ ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు, సమ్మతమేనా అని. చాలాసేపు చూసి సరే నొక్కాను. ఎంత కాదన్నా, ఈ సాఫ్ట్‌వేర్ ఒక మాట అడిగింది. కాలం ఎప్పుడూ నన్ను అలా అడిగిన పాపాన పోలేదు.