అప్పన్నకు తెలియని పొగ

సింగపూర్ ఉత్తర కొసన క్రాంజీలో, కూరగాయల తోటల అంచున, రేకుల షెడ్డులో అప్పన్న సైలెన్సర్ల పని చేసేవాడు. వాళ్ళ తాత విశాఖలో ఓడెక్కి వచ్చినవాడు. అప్పన్న మాత్రం సింగపూర్ దాటి, వంతెన అవతలి మలేసియాలో జొహోర్ వరకే వెళ్ళాడు, అదీ పెళ్ళిళ్ళకు. ఇంట్లో తెలుగు, షెడ్డులో తోటి మెకానిక్ రహీమ్‌తో మలయ్, చైనీస్ యజమానితో అన్నీ కలిపిన ఒక భాష. యజమానిని అందరూ తౌకే అనేవారు.

సైలెన్సర్ బిగించడం అయ్యాక ఇంజిన్ ఆన్ చేసి, గొట్టం పొడవునా ముఖం దగ్గరగా పెట్టుకుంటూ పోవడం అప్పన్న అలవాటు. పొగ ఎక్కడ కారుతున్నా ముక్కు పట్టేసేది. అతను బావుందన్నాక తౌకే మళ్ళీ చూసుకునేవాడు కాదు.

ఆ ఏడు వానల్లో షెడ్డు గుమ్మం దగ్గర నూనె మీద కాలు జారి అప్పన్న వెల్లకిలా పడ్డాడు. తల వెనక బొప్పి కట్టింది. ఎముకకేమీ కాలేదన్నారు డాక్టరు. బొప్పి తగ్గిపోయింది. ఆ తరువాత ఒక పొద్దున డీజిల్ డబ్బా మూత తీస్తే నీళ్ళ డబ్బా మూత తీసినట్టే ఉంది. జలుబేమో అనుకున్నాడు. ఇంటికి వెళ్ళి తలనొప్పి బామ్ సీసాలో ముక్కు పెట్టి గట్టిగా పీల్చాడు. మంట తెలిసింది, వాసన తెలియలేదు.

భార్య వరలక్ష్మమ్మకు చెప్పలేదు. ఆమె ఎండుచేపల పులుసు పెడితే బావుందని తినేవాడు. షెడ్డులో అసలే చెప్పలేదు. ముక్కు పోయిన సైలెన్సర్ మెకానిక్‌ను ఎవరు ఉంచుకుంటారు? కొన్నాళ్ళకు అదే తిరిగొస్తుందని రోజూ తెల్లారగానే సబ్బు వాసన చూసుకునేవాడు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని కంపెనీలు భయపడి ఇంజనీర్లను విమానాల్లో రప్పించుకుంటున్న రోజులవి. వుడ్‌ల్యాండ్స్‌లో అప్పన్న ఉండే చోట కూడా లిఫ్టులో కొత్త తెలుగు మాటలు వినబడుతుండేవి. అలా వచ్చినవాడే చంద్రశేఖర్. తంజోంగ్ పగార్‌లో ఆఫీసు. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, సెలవు దొరికితే పాత డీజిల్ జీపులో భార్యనూ కూతురినీ ఎక్కించుకుని జొహోర్ అడవి దారుల్లోకి పోయేవాడు. అప్పన్న తెలుగువాడని తెలిసినప్పటి నుంచి బండి ఆ షెడ్డుకే తెచ్చేవాడు.

ఒక శుక్రవారం వచ్చాడు.

"అంకుల్, వాగు దాటుతుంటే కింద రాయి తగిలింది. చప్పుడు చూడండి, ట్రాక్టర్ లాగా ఉంది. రేపు జొహోర్‌లో కోటతింగి జలపాతానికి వెళ్ళాలి. ఫ్రెండ్సంతా రెడీ అయిపోయారు."

"గొట్టం మద్దెలో ఇరిగిపోనాది బాబూ. కొత్తది ఎయ్యాల. సాయంత్రానికి ఇచ్చేత్తాను," అన్నాడు అప్పన్న.

బండిని పైకి లేపాడు. పాత బోల్టులు తుప్పు పట్టి కదలలేదు. మంట పెట్టి వేడి చేసి, నూనె పోసి ఊడదీశాడు. కొత్త గొట్టాన్ని రబ్బర్లకు వేలాడదీసి, జాయింట్ల మధ్య ప్యాకింగులు పెట్టి, ఇంజిన్ వైపు నుంచి ఒక్కొక్కటిగా బిగించుకుంటూ వచ్చాడు. ఎన్నో ఏళ్ళుగా చేతికి వచ్చిన పని. ఇంజిన్ ఆన్ చేయించి, అలవాటు ప్రకారం ముఖం దగ్గరగా పెట్టాడు.

ఏమీ తెలియలేదు. పొగ లేక తెలియలేదో, ముక్కు లేక తెలియలేదో!

పక్కనే రహీమ్ టైరు మారుస్తున్నాడు. ఒక్కసారి వచ్చి చూడమంటే సరిపోయేది. కానీ తౌకే బల్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. ఎందుకని అడిగితే చెప్పాల్సి వస్తుంది. అప్పన్న చెవి పెట్టి విన్నాడు. షెడ్డులో ఎవరో ఇనుము కోస్తున్నారు, ఆ రొదలో ఏమీ వినబడలేదు. "అయిపోనాది," అని బండి దించేశాడు.

సోమవారం మధ్యాహ్నం చంద్రశేఖర్ ఆఫీసు చొక్కాతోనే వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం పెంచలేదు.

"పాప వెనక సీట్లో పడుకుంది అంకుల్. జొహోర్ వంతెన మీద లారీల మధ్య చాలాసేపు ఇరుక్కుపోయాం. పొగ వాసన వచ్చింది, లారీలదే అనుకున్నాం. అవతలికి వెళ్ళాక కూడా పాప నిద్రలోనే ఉంది. లేపితే లేవలేదు."

అప్పన్న చేతిలోని స్పానర్ కింద పెట్టాడు. "ఇప్పుడెలాగున్నాది?"

"కిందకి దించి గాలి తగిలిస్తే వాంతి చేసుకుని కళ్ళు తెరిచింది. రాత్రంతా హాస్పిటల్లో ఆక్సిజన్ పెట్టారు. నిన్న ఇంటికి పంపారు. మీ దగ్గరే వేయించాను కదా, ఏమైందో మీరే చూడండి."

అప్పన్న బండి కిందికి వెళ్ళాడు. వెతకాల్సిన పని లేకపోయింది. వెనక జాయింటు చుట్టూ మసి విసనకర్రలా పరుచుకుని ఉంది. లోపల ప్యాకింగు అంచు మడత పడింది. ఆ పైనే, వెనక సీటు కింద, జీపు అడుగు రేకుకు తుప్పు తిన్న కంత.

తౌకే వంగి చూసి, చంద్రశేఖర్‌కు అర్థం కాకుండా మలయ్‌లో మెల్లగా అన్నాడు. "ప్యాకింగ్ మంచిది రాలేదని చెప్పు. కొత్తది ఊరికే వేసిద్దాం."

ఆ మాట అనేస్తే చంద్రశేఖర్ నమ్మేవాడే. అప్పన్న చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"సామాను తప్పు కాదు బాబూ. నాకు వాసన తెల్దు. పడిన కాడినుంచీ ముక్కు పని సెయ్యట్లేదు. ఎవలకీ సెప్పనేదు."



"ఒక్క మాట ముందే చెప్తే వేరేవాళ్ళతో చూపించుకునేవాణ్ణి కదా అంకుల్," అని మాత్రం అన్నాడు చంద్రశేఖర్.

ఆ జాయింటు రహీమ్ విప్పి మళ్ళీ బిగించాడు. పొగ లేదని అతనే చూసి చెప్పాడు. అప్పన్న బల్ల మీద కూర్చుని ఉండిపోయాడు.

ఇంటికి వెళ్ళి వరలక్ష్మమ్మకు అంతా చెప్పాడు. ఆమె స్టవ్వు ఆపి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మొన్న పులుసు పాడైపోనాదని నాను పారబోసేలోపు నువ్వు రెండుసార్లు ఏసుకు తిన్నావు. ఆకలేమో అనుకున్నాను," అంది. "నాకు సెప్పడానికేటయ్యా?" అంది.

ఆమె లేచి గూట్లోంచి అరటిపళ్ళు తీసింది.

"లెగు. ఆ పిల్లని సూసొద్దాం."

"ఏ మొకం ఎట్టుకుని ఎల్లేది?"

"ఉన్న మొకమే."

రెండు బ్లాకుల అవతలే వాళ్ళ ఫ్లాటు. తలుపు తీసింది చంద్రశేఖర్ భార్య ప్రణవి. ఎవరో తెలిసి కూడా వెంటనే లోపలికి రమ్మనలేదు. వరలక్ష్మమ్మ చేతిలోని అరటిపళ్ళు చూసి పక్కకు జరిగింది. ఆరేళ్ళ సరయు నేల మీద బోర్లా పడుకుని బొమ్మకు రంగులు వేస్తోంది. ముఖం కొంచెం పాలిపోయి ఉంది.

"ఎలాగున్నావమ్మా?" అన్నాడు అప్పన్న.

"ఐయామ్ ఓకే లా," అంది పిల్ల, తల ఎత్తకుండానే.

ప్రణవి మంచినీళ్ళు తెచ్చింది.

"రాత్రి మూడు నాలుగు సార్లు లేచి ఊపిరి ఆడుతోందా అని చూస్తున్నాను అంకుల్. మీరు కావాలని చేయలేదని ఆయన అంటున్నారు. నాకూ తెలుసు. కానీ కోపం పోవట్లేదు."

"పోకపోయినా పర్నేదమ్మా," అన్నాడు అప్పన్న. "నానే ఆ పిల్ల తండ్రినైతే ఇంతకన్నా కోపమొచ్చును."

వరలక్ష్మమ్మ పిల్ల పక్కన కూర్చుని ఏ రంగు ఎక్కడ వేయాలో అడుగుతూ కాసేపు ఉంది. ఇక లేస్తుంటే ప్రణవి గుమ్మం దాకా వచ్చి, "ముక్కు డాక్టర్‌కి చూపించుకోండి," అంది.

చూపించుకున్నాడు. తలకు దెబ్బ తగిలినప్పుడు ఒక్కోసారి వాసన నరాలు తెగుతాయనీ, ఏడాదిలో రాకపోతే ఇక రాకపోవచ్చనీ డాక్టరు చెప్పారు. రాలేదు. తౌకే తిట్టలేదు, మానిపించలేదు. బ్రేకుల పని ఇచ్చాడు. వరలక్ష్మమ్మ తను ఇంట్లో లేనప్పుడు అతన్ని స్టవ్వు ముట్టుకోనివ్వడం మానేసింది.

చంద్రశేఖర్ ఆ జీపు అమ్మేసి చిన్న కారు కొన్నాడు. మరుసటి ఏడు దాన్ని బ్రేకులకని షెడ్డుకే తెచ్చాడు. రహీమ్ ఆ రోజు సెలవు. తౌకే కారు తాళం అప్పన్న ముందు పెట్టాడు.

"మీరే చూడండి అంకుల్," అన్నాడు చంద్రశేఖర్.

అప్పన్న తాళం తీసుకోలేదు. "రేపు రహీమ్ వత్తాడు బాబూ. పాప ఎక్కే బండి, ఆడి సేత సేయించుకో," అన్నాడు. చంద్రశేఖర్ బతిమాలలేదు. పాప రెండో క్లాసుకు వచ్చిందని చెప్పి, రేపు తెస్తానని కారెక్కి వెళ్ళిపోయాడు. అప్పన్న లోపలికి వెళ్ళి, సగంలో వదిలిన లారీ బ్రేకుల ముందు కూర్చున్నాడు.