బడి గోడకెక్కిన మట్టి రిపోర్టు

మొన్న మా మనవరాలు, వ్యవసాయ కాలేజీలో చదువుకునే పిల్ల, జూలూరుపాడు వైపు నేలల మీద ఎవరో రాసిన పరిశోధన వ్యాసం ఫోనులో తెరిస్తే నాలుగు వాక్యాలు కనిపించి, మిగతాది చదవాలంటే డాలర్లు కట్టమని వచ్చింది. మన నేల సంగతి మనకు చెప్పడానికి డాలర్లేమిటని నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే మా పెద్దమ్మ గుర్తొచ్చి నవ్వూ వచ్చింది.

ఎనభైల మొదట్లో నాది ఖమ్మం వైపు ఒక చిన్న వ్యవసాయ ఆఫీసులో కొత్త ఉద్యోగం. రైతుల పొలాల మట్టి గుడ్డ సంచుల్లో తెచ్చి పరీక్షకు పంపాలి. ఒక్కో పొలంలో పదిచోట్ల తవ్వి కలపాలని నేర్పారు గానీ, ఆ రోజుల్లో కొలువు చేసినవాళ్లకు తెలియనిదేముంది, ఎండకు బద్ధకించి సంచులు ఇళ్లలోనే ఇచ్చి నింపిపెట్టమనేవాణ్ణి. ఫలితాలు ఇంగ్లీషులో టైపయి, ఒక ప్రతి పై ఆఫీసుకు, ఒక ప్రతి మా బీరువాలోకి వెళ్లేవి. మట్టి ఇచ్చిన రైతుకు ఏమీ వెళ్లేది కాదు. ఇదేమిటని మేమూ అడగలేదు.

జూలూరుపాడు దగ్గర అడవి అంచున ఉన్న మా పెద్దమ్మ ఊరి సంచులూ అలాగే వచ్చాయి. ఆమె వరి రెండేళ్లుగా నాటిన నెలలోపే తుప్పు మచ్చలు పడి గిడసబారుతోంది. పెదనాన్న పోయాక ఆ రెండెకరాలే ఆమె బతుకు. ఈ ఏడూ ఇంతే అయితే పొలం కౌలుకిచ్చి, మణుగూరు పోయి కూలి చేసుకుంటానని తేల్చేసింది. ఆ మాట విన్నాక, బీరువా తాళం నా చేతిలో ఉండి కూడా ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఆ ఊరి రిపోర్టులన్నీ తెలుగులోకి మార్చి, ఒక ఆదివారం పొద్దున బడి గోడ మీద బొగ్గుతో పేరు పేరునా రాసి, చదువు రానివాళ్ల కోసం పైకి చదివాను. పెద్దమ్మ పొలం బలమైనదనీ, ఏ లోపమూ లేదనీ చదివేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గది నా పొలం మన్ను కాదు బిడ్డా, చెరువు మన్ను. మీ పెద్దసారు ముంగట మంచిది పెట్టాలె గదా అని ఏరి పోసిన. మల్ల మాకు చెప్తరని ఎవలకెరుక?"

ఇక ఒక్కొక్కరూ బయటపడ్డారు. చుట్టాలొస్తే సన్నబియ్యం వండినట్టు, ఒకాయన దొడ్లో ఎరువు కలిసిన మట్టి పోశాడట, ఇంకొకాయన పక్కవాడి నల్లరేగడి పోశాడట. మేము అంత భద్రంగా తాళం వేసి దాచిందంతా తప్పుల తడకే! సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆ వారం ప్రతి పొలంలో పదిచోట్లా నేనే తవ్వాను. మళ్లీ పరీక్షకు పంపితే పెద్దమ్మ మట్టిలో జింకు లోపమని తేలింది. ఆఫీసు కాగితం గోడకెక్కిందని మా ఆఫీసరు చిందులు తొక్కి మెమో ఇచ్చాడు. గోడ మీద రాయకపోతే ఆ తప్పు ఎన్నటికీ తెలిసేది కాదని జవాబు రాశాను. ఈనాటికీ అదే మాట మీద ఉన్నాను. ఆ వానకాలం జింకు వేసిన పొలం పచ్చగా నిలబడింది. పెద్దమ్మ మణుగూరు వెళ్లలేదు.

ఇప్పుడు పెద్దమ్మా లేదు, ఆ పాత బడి గోడా లేదు. మా మనవరాలు గట్టిది. వ్యాసం రాసినాయనకే ఉత్తరం పంపి మొత్తం తెప్పించుకుంది, తెలుగు చేసి రైతుల ఫోన్లకు పంపుతానంటోంది. పంపుతుంది, నాకు అనుమానం లేదు. అయినా, ఒక్కసారి పెద్దమ్మ ఊరు వెళ్లి రైతుల ఎదుట నిలబడి చదవమని చెప్పాను. అది నా పొలం మన్ను కాదని చెప్పే మనిషి అక్కడే దొరుకుతుంది.