అడ్రసు కోసం వచ్చిన పిల్ల

మా పైవాటాలో ఉండే లాండ్రీ అక్కకి అసలు పేరొకటి ఉండే ఉంటుంది, కానీ వీధిలో ఎవరికీ దానితో పని పడలేదు. ఆసుపత్రి లాండ్రీలో ఉద్యోగం. రోగుల దుప్పట్లు, డాక్టర్ల కోట్లు పెద్ద మిషన్లలో ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, వార్డుల వారీగా కట్టలు కట్టాలి. ఇంటికొచ్చేసరికి ఆమె వేళ్ళు నానిపోయి ముడతలు పడి ఉండేవి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "తీరిక దొరకలేదు" అని నవ్వేసేది. నోట్లో నాలుక లేని మనిషని మా వీధి తీర్పు.

మా ఇంటి వెనకే పెద్ద సర్కారు హైస్కూలు. అందులో సీటొస్తే పిల్ల గట్టెక్కినట్టేనని ఊరంతా నమ్మకం. నేనూ లెక్కల మాస్టరుగానే రిటైరయ్యాను గానీ, నేను పనిచేసిన బడి కోసం ఎవరూ ఎన్నడూ జుట్లు పట్టుకోలేదు. ఈ బడికి ఎప్పటినుంచో ప్రవేశ పరీక్ష ఉండేది. కోచింగు కొనుక్కోగలిగిన వాళ్ళ పిల్లలే నెగ్గుతున్నారని గొడవ లేచి, సగం సీట్లు చుట్టుపక్కల వీధుల పిల్లలకే ఇవ్వాలని కొత్త రూలు తెచ్చారు. సీటుకి ముందు ఒక ఏడాది, వచ్చాక చదువు అయ్యేదాకా అక్కడే ఉండాలని షరతు. ఇంకేముంది, మా వీధిలో ప్రతి ఇంటికీ చుట్టాలు పుట్టుకొచ్చారు.

అలా పుట్టుకొచ్చినవాడే లాండ్రీ అక్క తమ్ముడు. ఆమె ఈ వాటాలో చేరినప్పటినుంచి ఒక్కసారి కూడా మెట్లెక్కని మనిషి, భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకుని పళ్ళ సంచితో దిగాడు.

"నీ దగ్గరే ఉండి చదువుకుంటుంది అక్కా. నీకూ తోడుగా ఉంటుంది" అన్నాడు. ఆ తోడు సంగతి అన్నేళ్ళూ గుర్తుకు రాలేదు పాపం.

పిల్ల మొదట్లో ముఖం మాడ్చుకుని గోడవైపు తిరిగి పడుకునేది. అక్క దానికి కొత్త మంచం కొన్నది. కిటికీ పక్క చోటు దానికిచ్చి, తను వంటింటి గుమ్మం దగ్గర చాప వేసుకుంది. కొన్నాళ్ళకి పైనుంచి మాటలు వినిపించసాగాయి.

"అత్తా, జడ లాగేస్తున్నావు!"

"కుదురుగా కూర్చుంటే కదే!"

అంతకుముందు ఆ వాటాలోంచి కుళాయి చప్పుడు తప్ప ఏదీ విన్న గుర్తు లేదు నాకు. ఆ నవ్వులు వింటుంటే ముసలాడిని, నాకే ప్రాణం లేచొచ్చేది.

ఒకరోజు తనిఖీకి ఆఫీసరొచ్చాడు. పక్కింట్లో కాపురముంటున్నానన్న కుర్రాణ్ణి బాత్రూం ఎటు అని అడిగితే బీరువా తలుపు తీశాడట. అక్క ఇంట్లో మాత్రం పిల్ల తడి తల తుడుచుకుంటూ "చెప్పులు బయట విడవండంకుల్, అత్త ఇప్పుడే తుడిచింది" అందట. ఆఫీసరు చెప్పులు విడిచి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఈలోగా పరీక్షే ఉండాలన్నవాళ్ళు కోర్టుకెక్కారు. వీధి చివర రెండు గుంపులు పోటాపోటీగా సభలు పెట్టాయి. రెండువైపులా న్యాయం న్యాయం అనే అరిచేవారు. ఎవరి చేతిలో చూసినా వాళ్ళ పిల్ల చెయ్యే ఉండేది. కొత్త రూలే ఉండాలన్న గుంపులో ఒకనాడు నినాదం రాసిన అట్ట పట్టుకుని లాండ్రీ అక్క కనిపించింది.

"ఏమ్మా, నువ్వు కూడా న్యాయం కోసం దిగావా?" అని వేళాకోళమాడాను.

"న్యాయం సంగతి నాకేం తెలుస్తుంది మాస్టారూ" అంది. "ఈ రూలు పోతే పిల్ల పోతుంది."

రూలు పోయింది. సీట్లన్నిటికీ పరీక్షేనని తీర్పొచ్చింది. పరీక్ష అయ్యేదాకా కదిలిస్తే చదువు చెడుతుందని తమ్ముడు పిల్లని అక్కడే ఉంచాడు. లెక్కలు నేను చెప్పాను. అక్క డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు లాగుతున్నా దాని ఎదురుగా కూర్చుని పాఠాలు అప్పజెప్పించుకునేది. నెగ్గినా ఓడినా పిల్ల వెళ్ళిపోతుందని ఆమెకి తెలుసు. తెలిసీ దాన్ని నెగ్గించడానికి రెక్కలు ముక్కలు చేసుకుంది.

పిల్ల నెగ్గింది. తమ్ముడు వ్యానుతో వచ్చి సామానెక్కించాడు. "ఇక నీకు శ్రమ తప్పిందక్కా" అన్నాడు. వెళ్ళేటప్పుడు పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది, ఆ మాట దాచకూడదు. "రోజూ బడి వదలగానే వస్తానత్తా" అంది.

బడి తెరిచారు. పిల్ల రాలేదు. కొత్త కదా, వ్యాను టైమవుతుందేమో అని అక్కే సాకులు వెతికింది. ముందటేడు అడ్రసు మీద చేరినవాళ్ళని తోటి పిల్లలు "అడ్రసుగాళ్ళు" అని ఏడిపిస్తున్నారని నేను విన్నాను గానీ, ఆమె చెవిన వెయ్యలేదు.

చివరికి పిల్ల మర్చిపోయిన స్వెట్టరొకటి ఉతికి, మడతపెట్టి, నన్ను తోడు రమ్మంది. గేటు దగ్గర నిలబడ్డాం. స్నేహితురాళ్ళతో వస్తూ పిల్ల మమ్మల్ని చూసింది. నడక తగ్గింది.

"ఎవరే ఆవిడ?" అని పక్కపిల్ల అడిగింది.

"మేం ఇదివరకు అద్దెకున్న ఇంటావిడ" అంది మా పిల్ల, నేల చూస్తూ.

నా ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోతే అక్క నా చెయ్యి పట్టి ఆపింది.

"అవునమ్మా, ఖాళీ చేసేటప్పుడు ఇది వదిలేశారు. మీ అమ్మకివ్వు" అని స్వెట్టరు అందించింది. పిల్ల తీసుకుని, తల ఎత్తకుండా వ్యానెక్కేసింది.

"ఒక్క మాటైనా అనవేం?" అని దారిలో కసిరాను.

"నేను అత్తనని తెలిస్తే దాన్నీ అడ్రసు పిల్లంటారు. ఆ బడిలో నెగ్గుకు రావాల్సింది అది కదా మాస్టారూ."

అంటే ఆమెకీ తెలుసన్నమాట. ఇంటికొచ్చాం. మెట్ల మొదట్లో రెయిలింగు పట్టుకుని ఆగిపోయింది.

"కాసేపు మీ ఇంట్లో కూర్చోనా మాస్టారూ? పైకి వెళ్ళబుద్ధి కావడంలేదు."