మునెయ్య పిలిచిన సాక్షి

పులికాట్ సరస్సులో నీళ్లు దేవుడివే గానీ, వల కట్టే చోటు మాత్రం ఎవరి వంతు వాళ్లదే. ఏ రోజు ఎవరు ఏ దిబ్బ దగ్గర రొయ్యల వల కట్టాలో చీట్లు తీసి ఊరి పెద్దలు తేలుస్తారు. ఆపైన అంతా నోటిలెక్కే. మీసాలొచ్చిన నాటి నుంచి మునెయ్య తన వంతు మరిచింది లేదు. పక్కవాళ్లవి కూడా చెప్పేవాడు. ఆ గొప్ప ఆయన నోట వినని మనిషి ఊళ్లో లేడు, చెవిటివాళ్లు తప్ప.

డెబ్బై దాటాక చేతులు వణకసాగాయి. పడవలో నిలబడితే మోకాళ్లు మాట వినవు. ఇన్నాళ్లూ మోసి ఇప్పుడు మోసం చేస్తారా అని వాటిని బాహాటంగానే తిట్టేవాడు. తల కూడా వాటితో కుమ్మక్కయిందని మాత్రం ఆయనకు తెలియదు. తెలియకుండా చూసుకుంది పెళ్లాం కామమ్మ.

రోజూ సాయంత్రం కంచం ముందు పెట్టి, "రేపు మనకి కొంగలదిబ్బ కాడే గదా మామా?" అనేది.

"ఆ మాత్రం తెలవదా నీకు? కొంగలదిబ్బే" అని విసుక్కుని తృప్తిగా తినేవాడు. మా ఇంటిదానికి మతిమరుపని ఊరంతా చెప్పేవాడు కూడా.

ఒకసారి కామమ్మ చుట్టాల పెళ్లికని దొరవారిసత్రం వెళ్లింది. ఆ తెల్లవారి మునెయ్య పోయి తోటి జాలరి సుబ్బు వంతు చోట వల కట్టాడు. ఇదేందన్నా అని అడిగిన సుబ్బు మీదికే పడవ తోసే గెడ ఎత్తి, తూలి నీళ్లలో పడ్డాడు. ఆ సుబ్బే జుట్టు పట్టి లాగకపోతే శవమై తేలేవాడు.

కబురు విని కామమ్మ పరుగున వచ్చేసరికి పెద్దలు కూర్చుని ఉన్నారు.

"మునెయ్యకి వంతులు గుర్తుండటం లా. పేరు తీసేద్దాం" అన్నాడు ఊరికి పెద్ద అయిన పెద్దకాపు. పేరు తీస్తే ఇక వల పట్టడానికి లేదు. అది ఆ ఊరి కట్టుబాటు.

మునెయ్య నవ్వాడు. "నాకా గుర్తు లేంది? మా ఇంటిదాన్నడగండి. రోజూ నన్నడిగే గదా తెలుసుకుంటుండాది! చెప్పవే కామీ" అని మీసం మీద చెయ్యి వేశాడు.

కామమ్మ ఆయన తడి పంచె వంక చూసింది.

"లేదు పెద్దయ్యా. అడిగినట్టే అడిగి నేనే చెప్తా ఉండా. ఆయనకేం తెలవదు. ఇంక నీళ్లలోకి పంపబాకండి" అని ఏడ్చింది.

మోకాళ్లు ముంచాయి సరే, తల ముంచింది సరే. చివరికి తను పిలిచిన సాక్షే నలుగురిలో తన గొంతు కోసింది. ఆ ఏడుపు తన ప్రాణం కోసమేనన్న సంగతి మునెయ్యకు పట్టలేదు. ఇన్నాళ్లూ పసిబిడ్డను ఆడించినట్టు ఆడించిందని మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఆ సాయంత్రం కంచం పెట్టి, "పులుసులో ఉప్పు సరిపోయిందా మామా?" అంది.

"నీకు తెలిసిందే గదా. నన్నెందుకు అడగతావు?"

ఏడాది గడిచింది. ఇప్పుడు కన్నకూతురు సాయిలక్ష్మి వస్తే ఎవరమ్మా నువ్వంటాడు. పడవను చూసి అదేందంటాడు. కామమ్మ పేరు కూడా గుర్తు లేదు. అయినా ఆమె ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టి, "తింటావా మామా?" అంటే చాలు, మొహం తిప్పేసుకుంటాడు.

"నీకు తెలిసిందే గదా. నన్నెందుకు అడగతావు?"